నేను నిందించిన జూపిటర్

తెలుసుకోకముందే తీర్పు చెప్పేయడం నాలో చాలాకాలంగా ఉన్న అవివేకం. దానికి ఒక సోవియట్ లెన్స్ బలైంది. అది జూపిటర్-8, 50 మి.మీ., ఎఫ్/2.

పాతది కొని, ఒక మిల్లీమీటరు మందం ఉండే అడాప్టర్ రింగుతో లైకా ఎం9కి బిగించాను. మీటరు దూరంలో అమ్మను కూర్చోబెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచాను. రేంజ్‌ఫైండర్‌లో ఆమె కంటి బొమ్మలు రెండూ ఒకటయ్యేదాకా లెన్స్ తిప్పి ఫొటో తీశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే కళ్లు మసకగా ఉన్నాయి. కణత దగ్గర నెరిసిన జుట్టు మాత్రం వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది.

సోవియట్ ఫ్యాక్టరీల పనితనం ఇంతేనని తేల్చేశాను. అమ్మినతనికి కటువుగా రాశాను. అలాంటి లెన్సే కొనుక్కుంటానన్న ఒక కుర్రవాణ్ణి వద్దని ఆపాను. అక్కడితోనూ ఊరుకోలేదు. లెన్స్ విప్పి, లోపల గాజుల భాగానికి ఆనుకుని ఉండే సన్నని రింగు మార్చి, ఆ భాగాన్ని రవ్వంత ముందుకు జరిపాను. దగ్గరి ముఖాలు కుదిరాయి, దూరపు కొండలు చెడ్డాయి. బాగున్నదాన్ని నా చేతులతోనే పాడుచేశాను.

ముందే చదవాల్సిన చరిత్ర అప్పుడు చదివాను. జూపిటర్-8కి మూలం జర్మనీలోని జైస్ వారి సోనార్. లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన ఆ లెన్స్ 1932లో కాంటాక్స్ కెమెరాతో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జైస్ యంత్రాలూ గాజూ నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు చేరాయి. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో ఆ లెన్స్‌ను మొదట జెడ్‌కే పేరుతో చేశారు. తర్వాత సొంత గాజుకు తగ్గట్టు లెక్కలు మళ్లీ వేసి జూపిటర్ అని పేరు పెట్టారు. కీవ్ కెమెరాకు కాంటాక్స్ మౌంటుతో, ఫెడ్, జోర్కీ కెమెరాలకు లైకా తరహా 39 మి.మీ. మరతో ఇచ్చారు. మర లైకాదే అయినా, లోపలి గాజుల లెక్క కాంటాక్స్‌ది.

నా ఫొటో చెడింది ఇక్కడే. 50 అని రాసి ఉన్నా, లైకా రేంజ్‌ఫైండర్ లెక్కలో అలాంటి లెన్స్ నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 51.6 మి.మీ. జూపిటర్‌ది సుమారు 52.4. దూరపు వస్తువుల దగ్గర ఈ తేడా బయటపడదు. మీటరు దూరంలో జూపిటర్ దాదాపు 2.9 మి.మీ. ముందుకు రావాలి. లైకా మాత్రం 2.8 దగ్గరే బొమ్మలు కలిపేసి చాలంటుంది. మిల్లీమీటరులో పదో వంతుకూ తక్కువైన ఆ లోటు, ఫోకస్‌ను కంటికి సుమారు 3 సెంటీమీటర్లు వెనక్కి నెడుతుంది. అమ్మ కణత ఉన్నది అక్కడే.

ఫిల్ము రోజుల్లో చిన్న ప్రింటులో ఈ తేడా కలిసిపోయేది. 18 మెగాపిక్సెళ్ల ఫొటోను తెరమీద పెద్దది చేసి చూసే మనకు అది దాగదు.

ఒక ఊరి మానికతో కొలిచిన గింజల్ని ఇంకో ఊరి మానికతో కొలిస్తే తక్కువ తేలవచ్చు. అంతమాత్రాన అమ్మినవాడు మోసగాడు కాడు. తన లెక్కకు కట్టుబడి పనిచేసిన లెన్స్‌నూ, దాన్ని చేసిన చేతుల్నీ నేను అన్యాయంగా నిందించాను. పాత రింగు తిరిగి పెట్టాను. అమ్మినతన్ని క్షమాపణ అడిగాను. ఆ కుర్రవాడికీ నిజం చెప్పాను.

ప్రతి పాత జూపిటరూ మంచిదని నేననను. గ్రీజు గట్టిపడినవీ, ఎవరో విప్పి తప్పుగా బిగించినవీ ఉంటాయి. అందుకే ముందు స్కేలును ఏటవాలుగా పెట్టి, ఒక అంకె మీద ఫోకస్ చేసి, అసలు ఏ అంకె స్పష్టంగా వచ్చిందో చూడండి. దగ్గరి ముఖాలకు ఎఫ్/5.6 వాడండి, లేదా మూడు మీటర్లు వెనక్కి జరగండి. లైవ్ వ్యూ ఉన్న కెమెరా అయితే తెరమీదే ఫోకస్ చూసుకోండి. స్క్రూడ్రైవర్ మాత్రం అన్నిటికన్నా ఆఖరున పట్టుకోండి.