పైన పటారం, లోన డక్టు

ఉదయగిరి దుర్గం లోపలికి అడుగు పెట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి మొదలుపెడితే 1514లో గానీ కోట చిక్కలేదు. మన తనిఖీ బృందాల ప్రతాపం అంతకు మించింది. ఏసీ భవనాల్లో సీలింగు పైన పాకే గాలి గొట్టాలను, అదే డక్టులను, కుర్చీలోంచి లేవకుండానే జయించి వస్తున్నాయి.

ఈ ఉదయగిరి మెట్ట ప్రాంతంలో డక్టులెక్కడివని నవ్వకండి. మే నెలలో ఆత్మకూరు బస్టాండులో దిగినవాడికి ఏసీ అన్న బోర్డు కనిపిస్తే చాలు, అది పెళ్లి మండపమా ఆసుపత్రా అని కూడా చూడడు. గ్రిల్లుకు కట్టిన ఎర్ర రిబ్బను రెపరెపలాడుతుంటే ప్రాణం లేచొస్తుంది. ఆ గ్రిల్లు చుట్టూ సీలింగుకు పట్టిన నల్లటి చార ఒకటుంటుంది. అది గదిలోని దుమ్మా, గొట్టంలోంచి వచ్చిందా అని తేల్చాలంటే మూత విప్పాలి. అంత శ్రమెందుకని, తనిఖీ అనగానే దానిమీద తెల్ల పెయింటు కొట్టేస్తారు.

"లోపల చూసినారా?"

"చూసేదేముంది సార్, గాలి బాగానే వస్తా ఉంది గదా!"

సంతకం.

నిజానికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. మిషను ఆపి, మూత తీసి, కెమెరా పంపాలి. పొడి దుమ్ము కంటే తడి ప్రమాదం. కాయిల్ కింద నీళ్లు కారే ట్రేలో పాకుడు పట్టిందా, ఆ చెమ్మ దుమ్ముతో కలిసి బూజు పెంచిందా అన్నది కంటితో చూడాలి. ఉదయగిరి చెక్క గరిటె కొనే ఇల్లాలు కూడా లోపలివైపు వేలితో తడిమి చూశాకే డబ్బులిస్తుంది.

ఇక ఆపరేషన్ థియేటరు. గంటకు కనీసం 20 సార్లు గాలి మారాలని, అందులో 4 సార్లు బయటి తాజా గాలి ఉండాలని, 0.3 మైక్రాన్ల నలుసుల్ని 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరు పెట్టాలని ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ మార్గదర్శకాలు. స్ప్లిట్ ఏసీ అయితే అసలు వద్దన్నారు. అది ఉన్న గాలినే తిప్పుతుంది, దాని సందుల్లో క్రిములు కాపురం పెడతాయి. ఇన్ని మాటల్లో చిన్న ఊళ్లు చెవిన పెట్టింది ఒక్కటే, 'స్ప్లిట్ ఏసీ'.

ఏసీని పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగాక 34 మంది న్యుమోనియాతో పోయారు. అందులో హోటల్ గడప తొక్కకుండా ఆ వీధిన నడిచినవాళ్లూ ఉన్నారు. క్రిమి ఏదో 1977 జనవరిలో గానీ తేలలేదు. అనుమానమంతా ఏసీ కూలింగ్ టవర్ నీళ్ల మీదే. అమెరికావాళ్లకు పని చేతకాదు కాబట్టి అన్ని నెలలు వెతికారు. మన దగ్గరైతే సాయంత్రానికి నిమ్మవాసన మందు కొట్టి, 'వాతావరణం ఆహ్లాదకరం' అని రాసేవాళ్లం.

కాదు కాదు, మనమూ మారాం. ఇప్పుడు ఫైల్లో డక్టు లోపలి ఫొటో జత చేస్తున్నారు. తళతళా మెరుస్తోంది. మూడంతస్తులకూ అదే ఫొటో. కింద మూలన చైనా కంపెనీ వాటర్‌మార్కు కూడా అలాగే ఉంది.