చియాంగ్ మాయ్‌లో అద్దె బండిని

నేను హోండా క్లిక్‌ని. 125 సీసీ, గేర్లు లేని స్కూటర్‌ని. థాయ్‌లాండ్ రాజధాని బ్యాంకాక్ శివార్లలోని లాట్ క్రబాంగ్ ఫ్యాక్టరీలో పుట్టి, లారీ ఎక్కి, దాదాపు 700 కిలోమీటర్లు ఉత్తరానికి వచ్చి, చియాంగ్ మాయ్ పాత పట్నంలో ఒక అద్దె దుకాణం ముందు నిలబడ్డాను. నాతో అదే లారీలో వచ్చిన బండ్లు తలో ఇంటికి వెళ్ళాయి. ఒకటి తెల్లవారకముందే బజారుకు కూరగాయలు మోస్తుంది. ఒకటి ఇద్దరు పిల్లల్ని బడి దగ్గర దింపి, వాళ్ళమ్మను ఆసుపత్రి డ్యూటీకి తీసుకెళ్తుంది. ఇంకొకటి పక్కన తొట్టి తగిలించుకుని, మాంసం కాల్చి అమ్మే పొయ్యిని వీధి వీధికీ తిప్పుతుంది. నన్ను మాత్రం సెలవులకు వచ్చినవాళ్ళు ఎక్కుతారు. వాళ్ళలో చాలామందికి నేనొక ఆటవస్తువుని. అది నాకు నిజంగా బాధ. ఈ ఊళ్ళో మేమంతా సంసారాలు లాగే బండ్లం. మా మధ్యకు వచ్చేవాళ్ళు ఈ ఊరివాళ్ళలాగే నడపాలని నా కోరిక.

దుకాణంలో తాళం చెవి తీసుకునే ముందే సగం కథ తేలిపోతుంది. భారతదేశం నుంచి వచ్చేవాళ్ళు బయలుదేరక ముందే తమ ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాదిపాటు చెల్లుతుంది. అందులో మోటార్‌సైకిల్ విభాగం కూడా ఉందో లేదో చూసుకోవాలి. కారుకు మాత్రమే ఇచ్చిన పర్మిట్ నా మీద కూర్చునేవాడికి ఎందుకూ పనికిరాదు. సొంత లైసెన్సు కూడా వెంట ఉండాలి. పోలీసులు ఆపితే కట్టే జరిమానా కంటే ప్రమాదం జరిగాక వచ్చే ఆసుపత్రి బిల్లు చాలా పెద్దది. ప్రయాణ బీమా కంపెనీలు మొట్టమొదట అడిగేది బండి నడిపే లైసెన్సు ఉందా అనే. లేకపోతే ఒక్క బాత్ కూడా రాదు.

అద్దెకిచ్చేవాళ్ళు కొందరు పాస్‌పోర్టు తాకట్టు అడుగుతారు. ఇవ్వకండి. నకలు ఇచ్చి, కొంత నగదు డిపాజిట్‌గా పెడతామంటే ఒప్పుకునే దుకాణాలు బోలెడు ఉన్నాయి. నేను మొదట పనిచేసిన చోట, పాత గీతలకు కొత్త లెక్కలు కట్టి, పాస్‌పోర్టు సొరుగులో పెట్టుకుని కూర్చున్న మనిషిని చూశాను. ఒకమ్మాయి విమానం వేళ దాటిపోతుందని ఏడుస్తూ డబ్బు కట్టి వెళ్ళింది. ఇప్పటి మా యజమానురాలు అలాంటిది కాదు. తానే ఫోన్ తీసి, నా చుట్టూ తిరుగుతూ ప్రతి గీతనూ వీడియో తీయమని చెబుతుంది. ఏ దుకాణంలోనైనా అడగకుండానే చేయాల్సిన పని అది.

తెలుగువాళ్ళు నా మీద ఎక్కినప్పుడు ధైర్యం ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడా బండ్లు ఎడమవైపే నడుస్తాయి కదా, ఇంటి దగ్గరలాగే అనిపిస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక కొత్త జంట నన్ను తీసుకున్న రోజు, ఆయన వీధి చివరకు చేరేలోపే నా హారన్‌కు ఊపిరి ఆడనివ్వలేదు. మలుపుకు ఒకటి, ముందు కారుకు ఒకటి, అడ్డం రాని కుక్కకు ఒకటి. వెనక కూర్చున్న ఆవిడ భుజం తట్టి, "ఏవండీ, అది ఆపండి. అందరూ మనవైపే చూస్తున్నారు," అంది. నిజమే, చూస్తున్నారు. ఇక్కడ మామూలు రద్దీలో హారన్ కొడితే కోపం వచ్చిందని అర్థం చేసుకుంటారు. సిగ్నల్ దగ్గర యాభై బండ్లు నిలబడ్డా చప్పుడుండదు. కొండదారి మలుపుల్లో చిన్న గుడి కనిపిస్తే మాత్రం కొందరు డ్రైవర్లు దండం బదులు మెల్లగా హారన్ మోగించి వెళ్తారు. ఆ జంట సాయంత్రానికి అలవాటు పడిపోయింది. ఆయన తిరిగొచ్చి, "మనవాళ్ళు ఇలా నడిపితే ఎంత బావుంటుందో," అంటూ తాళం ఇచ్చాడు. నాకు ఆ రోజు చాలా సంతోషమైంది.

పాత పట్నం చుట్టూ చతురస్రంగా కందకం ఉంది. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన ఊరు ఇది. కందకానికి బయట ఉన్న రోడ్డు మీద బండ్లు గడియారం ముల్లు తిరిగే దిక్కున వెళ్తాయి, లోపలి రోడ్డు మీద దానికి ఎదురు దిక్కున. మధ్యలోని నీటిని రోడ్డు డివైడర్ అనుకుంటే తికమక ఉండదు. మలుపు తప్పిపోతే వెనక్కి తిప్పవద్దు. ముందుకు వెళ్తే కొద్ది దూరంలో కందకం దాటే చోటు వస్తుంది. ఎదురు వచ్చే తొందరలో ఎందరి మోకాళ్ళు పగిలాయో మాకు తెలుసు. పేవ్‌మెంటు అంచుకు ఎరుపు తెలుపు రంగులుంటే అక్కడ నన్ను నిలపకూడదు. చక్రానికి గొలుసు పడుతుంది.

హెల్మెట్ గురించి గట్టిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రచురించిన నివేదిక ప్రకారం, థాయ్‌లాండ్ రోడ్ల మీద ప్రాణాలు పోగొట్టుకునేవాళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురు మాలాంటి బండ్ల మీద ఉన్నవాళ్ళే. 2022లో మారిన చట్టం ప్రకారం హెల్మెట్ లేనివాళ్ళకు 2,000 బాత్ దాకా జరిమానా పడవచ్చు. వెనక కూర్చున్నవాళ్ళూ పెట్టుకోవాల్సిందే. పెట్టుకుని పట్టీ వదిలేస్తే అది తల మీద నిలవదు. దుకాణంలో ఇచ్చింది వదులుగా ఉంటే మరొకటి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. నడిచి రోడ్డు దాటేవాళ్ళకు మరో మాట. జీబ్రా గీతలున్నాయి కదా అని అడుగు వేయవద్దు. 2022 జనవరిలో బ్యాంకాక్‌లో ఆ గీతల మీదే ఒక యువ వైద్యురాలిని మోటార్‌సైకిల్ గుద్ది చంపింది. దేశమంతా అట్టుడికింది. అయినా అన్ని బండ్లూ ఆగడం ఇంకా అలవాటు కాలేదు. స్థానికులు నలుగురు కలిసి దాటుతుంటే వాళ్ళతో దాటండి.

నాకు ఇష్టమైన దారి దోయ్ సుతేప్ కొండ దారి. జూ పక్క నుంచి మొదలై దాదాపు 11 కిలోమీటర్లు ఎక్కితే గుడి వస్తుంది. ఆ దారి వేయించింది ప్రభుత్వం కాదు. క్రూబా సివిచాయ్ అనే బౌద్ధ భిక్షువు పిలుపిస్తే, ఊళ్ళకు ఊళ్ళు పలుగు పార పట్టుకుని కదిలాయి. 1934 నవంబరులో మొదలుపెట్టి 1935 ఏప్రిల్‌కల్లా, ఆరు నెలలు తిరగకుండానే, కొండ మీదకు రోడ్డు పడింది. కింద ఆయన విగ్రహం దగ్గర ఆగి, పూలు పెట్టి, అప్పుడు ఎక్కుతారు ఇక్కడివాళ్ళు. గుంటూరు జంట కూడా ఆగింది. పైకి వెళ్తుంటే ఆవిడ, "అచ్చం తిరుమల ఘాట్‌లాగే ఉందండీ," అంది. మలుపులూ చల్లగాలీ అలాంటివే. కానీ తిరుమలలో ఎక్కడానికో దారి, దిగడానికో దారి. ఇక్కడ రెండూ ఒకటే, అందుకే ప్రతి మలుపులోనూ ఎడమ అంచునే ఉండాలి.

ఎక్కడం నా పని, దిగడం నడిపేవాళ్ళ పని. గేర్లు లేని బండికి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, వేగం తగ్గాక క్లచ్ విడిపోతుంది, ఇంజిన్ పట్టు ఉండదు. అప్పుడు భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కిలోమీటర్ల కొద్దీ మీట నొక్కిపట్టి దిగితే బ్రేకులు వేడెక్కి జారిపోతాయి. కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ ఇంజిన్ పట్టు నిలుపుకోవాలి. బ్రేకు నొక్కి వదులుతూ, అవసరమైతే పక్కన ఆగి చల్లారనిచ్చి దిగాలి. నా ఎడమ మీట నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది, కుడి మీట ముందు చక్రానికే. మలుపులో ఇసుక ఉన్నచోట కుడి మీట గట్టిగా నొక్కినవాళ్ళు పడిపోతారు. పాయ్ ఊరికి వెళ్ళే 1095 నంబరు రోడ్డులో 762 మలుపులు. ఆ ఊరి కాఫీ దుకాణాల్లో మోచేతులకు, మోకాళ్ళకు కట్లు కట్టుకుని కూర్చున్న విదేశీయులు ఎప్పుడూ కనిపిస్తారు. బండి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తగిన దారి కాదు అది. మినీవ్యాన్లు ఉన్నాయి, హాయిగా వెళ్ళొచ్చు.

గుడి దగ్గర నన్ను కింద వదిలి, నాగుపాముల మెట్లు మూడు వందలకు పైగా ఎక్కాలి. భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పాలి. ఇవన్నీ మన గుళ్ళలో తెలిసినవే. తెలియనివీ ఉన్నాయి. బుద్ధుడి ముందు కాళ్ళు చాపి కూర్చోకూడదు, పాదాలు వెనక్కి మడుచుకోవాలి. ఆడవాళ్ళు భిక్షువులను తాకకూడదు, వాళ్ళ చేతికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు. రాజు పట్ల ఇక్కడివాళ్ళ గౌరవం కూడా అంతే లోతైనది. రాజును, రాణిని, వారసుడిని అవమానిస్తే శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ళ జైలు పడుతుంది. నోటు మీదా నాణెం మీదా ఉన్నది రాజు బొమ్మే. కింద పడిన డబ్బు గాలికి పోతుందని కాలితో తొక్కి ఆపవద్దు. ఆదివారం సాయంత్రం రాచదమ్నోయెన్ రోడ్డులో నడక బజారు జరుగుతుంది. సరిగ్గా ఆరు గంటలకు జాతీయగీతం మొదలవగానే వేలమంది ఉన్నచోటే నిలబడిపోతారు. బేరం సగంలో ఆగుతుంది. మీరూ నిలబడండి, అంతే చాలు.

రాజమండ్రి నుంచి వచ్చిన ఒక లెక్కల మాస్టారు నన్ను నెలల తరబడి ఉంచుకున్నారు. ఆయనతో తిరిగాకే, సెలవులకు రావడం వేరు, ఇక్కడ బతకడం వేరు అని నాకు తెలిసింది. 2025 మే నుంచి దేశంలోకి వచ్చే విదేశీయులంతా రాకకు ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు, ఎవరైనా అడిగితే అది మోసం. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు విదేశీయుడు వచ్చిన 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలపాలి. యజమాని చేశాడో లేదో అద్దెకున్నవాళ్ళే అడిగి తెలుసుకోవాలి, లేకపోతే వీసా పనుల్లో ఇబ్బంది వారికే. దీర్ఘకాలం ఉండేవాళ్ళు 90 రోజులకోసారి తమ చిరునామా తెలపాలి. వీసా గడువు దాటి ఉండిపోతే రోజుకు 500 బాత్ చొప్పున, గరిష్ఠంగా 20,000 వరకు జరిమానా. మాస్టారు ఇవన్నీ ఒక చిన్న డైరీలో రాసుకునేవారు. ఇమిగ్రేషన్ ఇచ్చిన నివాస పత్రం, డాక్టరు సర్టిఫికెట్ పట్టుకెళ్ళి, రంగుల పరీక్ష, రాత పరీక్ష అయ్యాక రెండేళ్ళ థాయ్ లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ కార్డు చూపిస్తే చాలాచోట్ల గుర్తింపు పత్రంగా కూడా సరిపోయేది.

ఆయన శాకాహారి. మొదట్లో అన్నింట్లోనూ చేపల రసం ఉంటుందని తెలియక ఇబ్బంది పడ్డారు. కూరగాయల వేపుడులో కూడా అది వేస్తారు. తర్వాత పసుపు రంగు మీద ఎర్రని అక్షరాలతో 'జే' అని రాసిన జెండా కనిపిస్తే అక్కడ నన్ను ఆపేవారు. ఆ వంటల్లో మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. తాగడానికి కుళాయి నీళ్ళు పట్టుకునేవారు కాదు. వీధుల్లో నాణెం వేస్తే శుద్ధిచేసిన నీళ్ళిచ్చే యంత్రాలున్నాయి, ఖాళీ సీసాలు నా కాళ్ళ దగ్గర పెట్టుకుని వెళ్ళి నింపుకునేవారు. బంకులో పనివాళ్ళే పెట్రోలు పోస్తారు. 91 లేదా 95 గ్యాసొహాల్ నాకు సరిపోతుంది. 'తెమ్ థాంగ్' అంటే ట్యాంకు నింపుతారు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాన పొలాలూ అడవులూ తగలబడే పొగ ఊరిని కప్పేస్తుంది. కొన్ని రోజులు దోయ్ సుతేప్ కొండే కనిపించదు. పిల్లల్నీ ఆస్తమా ఉన్నవాళ్ళనీ ఆ నెలల్లో తీసుకురావద్దని మాస్టారు ఇంటికి ఫోన్ చేసి చెప్పేవారు. ఆయన మాత్రం ఎన్95 మాస్కు లేకుండా నా మీద ఎక్కేవారు కాదు. ఆ పొగ చివరి రోజుల్లోనే సోంగ్‌క్రాన్ వస్తుంది. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు కందకం చుట్టూ నీళ్ళ పండుగ. ఎంత అందమైన పండుగో చెప్పలేను. కానీ నడుస్తున్న బండి మీద బకెట్టు నీళ్ళు పడితే నడిపేవాడికి కళ్ళు కనిపించవు. ఆ పండుగ వారాన్ని ఇక్కడ ప్రమాదకరమైన ఏడు రోజులు అని పిలిచి, రోడ్డు మరణాలను రోజూ లెక్కగట్టి ప్రకటిస్తారు. ఆ మూడు రోజులూ నన్ను దుకాణంలోనే ఉంచి, ఫోన్ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని నడిచి వెళ్ళండి. వానల సంగతి 2024 అక్టోబరులో చూశాను. పింగ్ నది పొంగి బజారు వీధుల్లోకి వచ్చింది. నీళ్ళు నిలిచిన రోడ్డులో గుంత ఎక్కడుందో నాకు కూడా కనిపించదు. అలాంటప్పుడు తిరిగి పోవడమే మేలు.

ఏదైనా జరిగితే అంబులెన్సుకు 1669, పోలీసులకు 191, పర్యాటక పోలీసులకు 1155. చివరి నంబరులో ఇంగ్లీషులో మాట్లాడతారు కాబట్టి ముందే ఫోన్‌లో దాచుకోండి. పడినవాళ్ళను గబుక్కున లేపి కూర్చోబెట్టవద్దు. ప్రతి బండికీ తప్పనిసరి బీమా ఉంటుంది, గాయపడినవాళ్ళ వైద్యానికి కొంత వస్తుంది. ఆ కాగితం నా సీటు కింద ఉందో లేదో తీసుకునేటప్పుడే చూడాలి.

మొన్న విశాఖ నుంచి వచ్చిన ఒక కుర్రాడు నన్ను అద్దెకు అడిగాడు. లైసెన్సు కారుకు మాత్రమే ఉంది. మా యజమానురాలు తాళం ఇవ్వలేదు. "బండి ఇస్తే నాకు డబ్బు వస్తుంది బాబూ, కానీ నీకేమైనా అయితే మీ అమ్మకు ఏం చెప్పను," అంది. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆవిడ వాడిని రోడ్డు దాకా తీసుకెళ్ళి, నలుగురితో కలిసి ఎక్కే ఎర్ర టాక్సీ అయిన సోంగ్‌థేవ్‌ను ఎలా ఆపాలో చూపించింది. చెయ్యి చాపి ఆపి, కిటికీ దగ్గర ఎక్కడికి వెళ్ళాలో చెప్పాలి. డ్రైవర్ తల ఊపితే అటే వెళ్తున్నట్టు, లేకపోతే వెనకొచ్చే బండిని ఆపాలి. పాత పట్నంలో మామూలుగా మనిషికి 30 బాత్. ఎక్కే ముందే ధర ఒప్పుకుంటే మాట పడదు. దిగే చోటు రాగానే పైకప్పుకున్న గంట నొక్కి, కిందికి దిగి, ముందుకు నడిచి డ్రైవర్ చేతికి డబ్బు ఇవ్వాలి.