నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య

వాతావరణ శాఖ బులెటిన్లలో మా తీరానికి ఒక పక్కా చిరునామా ఉంది: ‘నెల్లూరు–మచిలీపట్నం మధ్య’. ఆ చిరునామాతో కార్డుముక్క రాసి వేస్తే ఏ పోస్టుమ్యానూ తెచ్చివ్వలేడు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు సముద్రపు ఒడ్డు, పెన్న మొదలు కృష్ణ దాకా నదుల మొగలు, మధ్యలో ఎన్ని పాలేలో ఎన్ని కుప్పాలో! అయినా తుఫానులు ఆ చిరునామా పట్టుకునే బయల్దేరతాయి. 2023 డిసెంబరులో మిచౌంగూ అంతే. పేరు పెట్టింది మయన్మార్. పలకడం ఎలాగో టీవీల వాళ్లలో వాళ్లకే కుదరలేదు. మా అవ్వకు ఆ బాధ లేదు. ఆమెకు ఎనభై దాటినా ప్రతి తుఫానుకూ ఒకటే పేరు, గాలివాన.

డిసెంబరు 5 మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య బాపట్లకు దగ్గర్లో తుఫాను తీరం దాటిందని రికార్డు. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసురు 110. రికార్డును తప్పు పట్టడానికి లేదు. కాకపోతే ఆ మహాతల్లి ముందు చెన్నైని ముంచింది. అక్కణ్ణించి ఒడ్డు వెంబడే పైకి ఎక్కొచ్చింది. పులికాట్, కృష్ణపట్నం, మైపాడు, కావలి అన్నిటినీ భుజంతో రాసుకుంటూ, తొందరేమీ లేకుండా నడిచిపోయింది. మా దగ్గర దాటలేదు, ఆగలేదు, అలాగని వదల్లేదు. దాటిన చోటికి కెమెరాలు, కాన్వాయ్‌లు, పరామర్శలు వెళ్లాయి. రాసుకుపోయిన చోటికి వాన వచ్చింది.

కెమెరాలు అసలు రాలేదంటే కళ్లు పోతాయి. రెండు రోజుల ముందే ఒక చానెల్ కుర్రాడు మైపాడు బీచిలో రెయిన్‌కోటు వేసుకుని దిగాడు. మా జాలర్లు, పట్టపోళ్లు, పడవలు అప్పటికే సవక తోపుల్లోకి లాగేసి తాళ్లు కట్టేశారు. ఒక్క పడవను నీళ్ల దాకా తోసి మళ్లీ లాగి చూపించమని వాళ్లను బతిమాలాడట. ‘పడవనైతే లాగుతాంలే అబ్బయా, అలను మళ్లీ రమ్మంటే రాదు’ అన్నాడట ఒక పెద్దాయన. ఆ ముక్క ప్రసారం కాలేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ‘ఎవరూ సముద్రం దగ్గరికి రావద్దు’ అని కుర్రాడు చెప్పిన ముక్క మాత్రం పొద్దంతా వచ్చింది.

తుఫానుకు ముహూర్తం కూడా కలిసి రాలేదు. డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు. తెరను నిలువునా చీల్చి కుడివైపు ముఖ్యమంత్రి ఎవరో, ఎడమవైపు తుఫాను ఎక్కడో చూపించారు. రెండింటికీ ఒకటే ఎర్రబాణం, ఒకటే డప్పు. కుడివైపు వాయుగుండం ఢిల్లీ మీద కేంద్రీకృతమై ఉంది. ఎడమవైపు దానికి ఆ గౌరవం కూడా లేదు.

అధికార యంత్రాంగం అప్రమత్తమైంది. తుఫాను వచ్చిన ప్రతిసారీ అప్రమత్తమవుతుంది. ఎప్పుడు పడుకుందో మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. కంట్రోల్ రూములు తెరిచారు, టెలికాన్ఫరెన్సులు జరిగాయి, రేవుల్లో ప్రమాద హెచ్చరిక నంబరు ఎక్కుతూ పోయింది. ఆ నంబర్లు పదకొండు దాకా ఉంటాయి. పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఆ లెక్కన మా వీధి ఏడాది పొడుగునా పదకొండులోనే ఉంది.

మా ఏర్పాట్లు మేం చేసుకున్నాం. మోటారు ఆడుతుండగానే ట్యాంకు నింపి, డ్రమ్ములు నింపి, చివరికి పెళ్లిలో పెట్టిన ఇత్తడి గంగాళం కూడా అటక మీదనుంచి దించి నింపాం. గొడ్లను తాళ్లు విప్పి వదిలేశాం. కిటికీ సందుల్లో గోనెసంచులు కుక్కాం. నా భార్య పెద్ద దాకలో చేపల పులుసు పెట్టింది. కరెంటు లేకపోయినా, ఫ్రిజ్జు ఆగినా, రెండోరోజుకు రుచి పెరిగే వస్తువు ఈ జిల్లాలో అదొక్కటే. విపత్తు నిర్వహణ సంస్థలు దాన్ని ఇంకా గుర్తించలేదు.

సాయంత్రానికి రేకుల ఇళ్లవాళ్లు, పూరిళ్లవాళ్లు మా మిద్దెకు వచ్చారు. నాలుగు కుటుంబాలు, రెండు మేకలు, ఒక కుట్టుమిషను. అధికారికంగా వాళ్లు పోవాల్సింది షెల్టరుకు. మాకు దగ్గర్లో ఒకటుంది. స్లాబు పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి, తనకే ఎవరైనా ఆశ్రయమిస్తే బాగుండునన్నట్టు ఉంటుంది. అది గట్టిగా ఉన్న రోజుల్లో ఎవరివో ఎరువుల బస్తాలు దాక్కునేవి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్నదానికి నీళ్లు లేవు, తలుపు లేదు. ‘మీరెందుకు శిబిరానికి రాలేదు?’ అని తరువాత ఒక అధికారి మందలింపుగా అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన నిలబడ్డ చోటు నుంచే కనిపిస్తోంది. ఆయన వీపు అటు తిరిగుంది.

రాత్రి గాలి ఎక్కింది. దాన్ని హోరు అనేస్తే సరిపోదు. ముందు సవక చెట్లు సన్నగా కూస్తాయి. తరువాత కరెంటు తీగలు పాట అందుకుంటాయి. ఆ తరువాత ఎక్కడో ఒక రేకు లేచి, వీధి పొడుగునా దేన్నో కొట్టుకుంటూ పోతుంది. అది ఎవరిదో చీకట్లోనే చప్పుడును బట్టి చెప్పేస్తారు. ‘అది మనదేనే’ అంది మా హాల్లో కూర్చున్న ఒకామె మొగుడితో, మామూలు గొంతుతోనే. గుమ్మం కింద నుంచి నీళ్లు వచ్చాయి. నీళ్లతోపాటు వరండాలోకి ఒక పాము వచ్చింది. దానిదీ లోతట్టు ప్రాంతమే. దాన్ని ఎవరూ ఆధార్ అడగలేదు, కొట్టనూ లేదు. మెట్ల కింద ముడుచుకుని తెల్లారగట్ల వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఊళ్లో సజావుగా సాగిన పునరావాసం అదే.

అవ్వ మాత్రం గోడకు ఆనుకుని, ‘ఇదొక గాలా’ అని కూర్చుంది. ఆమెకు కొలబద్ద 1989. ఆ నవంబరులో గే అనే తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, సీక్రెస్ట్ అనే చమురు డ్రిల్లింగు ఓడను తిరగేసి 91 మందిని పొట్టన పెట్టుకుంది. థాయ్‌లాండ్‌ను అడ్డంగా దాటి, బంగాళాఖాతమంతా ఈది, 8వ తేదీ రాత్రి కావలి దగ్గర ఒడ్డెక్కింది. దాదాపు రెండువేల కిలోమీటర్లు, అయిదు రోజుల్లోపే. నెల్లూరు నుంచి మా ఊరికి పాతిక కిలోమీటర్లు. ఈసారి సహాయ బియ్యం ఆ దూరం రావడానికి తీసుకున్న వ్యవధి చూస్తే, వాటిని బ్యాంకాక్ నుంచి పంపించి ఉంటే ముందు చేరేవేమో.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన గాలివానను కూడా అవ్వ మా ఖాతాలోనే వేసుకుంటుంది. నేను సరిచేశాను. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది కాబట్టి ఆ తుఫాను ఇప్పుడు వాళ్లదవుతుందని. ‘అయితే చచ్చిపోయినోళ్లు గూడా అటే పోయారా?’ అంది. గెజిట్‌లో ఆ సంగతి రాయలేదు.

శ్రీహరికోట అన్నాను కాబట్టి ఒక మాట. తుఫాను కన్నును రాత్రీ పగలూ కనిపెట్టి ఉండే ఇన్‌శాట్–3డీఆర్ ఉపగ్రహం 2016 సెప్టెంబరు 8న అక్కడి నుంచే ఎగిరింది. అప్పటికి అది మా జిల్లానే. మా మిద్దెమీద నిలబడి చూసి చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తు నుంచి అది తుఫాను ఎంతలో ఉందో, ఎటు తిరుగుతోందో చెబుతుంది. గర్వపడాల్సిన సంగతే. ఆ హెచ్చరికల వల్లే 1977లో దివిసీమ ఉప్పెనలో పోయినట్టు ప్రాణాలు వేలకు వేలు ఇప్పుడు పోవడం లేదు. ఇందులో వ్యంగ్యం లేదు. వ్యంగ్యమల్లా ఇక్కడ: మిచౌంగు వచ్చిన ఏడాదే జులై 14న ఆ కోట నుంచే బయల్దేరిన చంద్రయాన్–3 చంద్రుడి మీద ఏ సాయంత్రం ఎన్నింటికి దిగుతుందో ముందే చెప్పారు, చెప్పినట్టే దిగింది. మా వీధి ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఎప్పుడొస్తుందని అడిగితే, ‘లైన్ మీద పని జరుగుతా ఉండాది’ అన్న జవాబును దాటి మానవ విజ్ఞానం ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

5వ తేదీ సాయంత్రం హైదరాబాదు నుంచి బావమరిది ఫోను చేశాడు. నా ఫోనులో చివరి గీత మినుకుమంటోంది. ‘బావా, మీ తుఫాను అయిపోయిందిగా! టీవీలో చెప్పారు.’ నేను అప్పుడు నడుం లోతు నీళ్లలో మోటారు విప్పుతున్నాను. ఆ సాయంత్రమే అక్కడ ముఖ్యమంత్రి పేరు తేలిపోయింది. తెర మొత్తం కుడివైపుదైంది. మేం అడుగున అక్షరాల బండిలోకి ఎక్కాం, మర్నాటికి ఆ బండి కూడా మమ్మల్ని దించేసింది.

మాకు అసలు తుఫాను అప్పుడే మొదలైంది. స్తంభాలు ఒరిగాయి. స్తంభాలు ఒరిగితే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకు లేదు. ఇంటి చుట్టూ నడుం లోతు నీళ్లు, లోపల తాగడానికి గంగాళంలో మిగిలిన నాలుగు చెంబులు. సెల్‌టవరు దగ్గర జనరేటరుకు డీజిలు అయిపోయింది. రొయ్యల గుంటలవాళ్లు మాత్రం ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుందని, ఉన్న డీజిలంతా డ్రమ్ముల్లో తోలుకుపోయారు. మనిషి తేలడానికి కాస్త ఎక్కువ టైము పడుతుందని డీజిలుకు కూడా తెలుసు. లైన్‌మన్లను అనడానికి నాకు నోరు రాదు. కడుపులోతు నీళ్లలో స్తంభాలు మోసింది వాళ్లే. వాళ్లకు పైనున్నవాళ్లు చేసిన పనేమిటంటే, జిల్లాలో ఇంత శాతం పునరుద్ధరించామని ప్రకటించడం. ఆ శాతంలో మేం ఎప్పుడూ మిగిలిన భాగంలో ఉంటాం.

సహాయం కూడా ప్రకటించారు. శిబిరం నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ఒంటరి మనిషికి వెయ్యి, కుటుంబానికి 2,500 రూపాయలు. మా హాల్లో తలదాచుకున్న వాటిలో ఒక కుటుంబం తొమ్మిదిమంది. తలకు 277 రూపాయల 77 పైసలు. తుఫానులో బతికి బట్టకట్టాలంటే ముందు పెళ్లి మానుకోవాలన్నమాట. ఆ బాధ కూడా వాళ్లకు తప్పింది. వాళ్లున్నది నా మిద్దెలో. మిద్దె శిబిరం కాదు. రిజిస్టరు లేదు, వంటవాడి సంతకం లేదు, బ్యానరు లేదు. బ్యానరు లేనిచోట ఎవరూ తలదాచుకున్నట్టు కాదు.

పొలం సంగతీ అంతే. పంట 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి సాయం అని నిబంధన. ముప్పై రెండు శాతం మునిగినవాడి చేను గట్టునే ఉన్నట్టు లెక్క. మావి నారుమళ్లు. పూర్తిగా కుళ్లిపోయాయి, నూటికి నూరు. కానీ నారు ఇంకా పంట కాదట. పంట కాలేదు కనక నష్టం కాలేదు. పెరిగితే నష్టమయ్యేంత అర్హత దానికి వచ్చేది, పాపం చిన్నతనంలోనే పోయింది.

నష్టం రాసుకునే కుర్రాడు చివరికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. చేతిలో ఫోను, ఫోనులో ఫారం. ఇల్లు పూర్తిగా దెబ్బతిన్నదా, పాక్షికంగా దెబ్బతిన్నదా, రెండే గడులు. గోడలు తడిమి చూశాడు, స్లాబు చూశాడు, తడిసి ఉబ్బిన తలుపును తెరిచి మూశాడు. తడిసిన బియ్యానికి, కాలిపోయిన మోటారుకు, పిల్ల పుస్తకాలకు గడి లేదు.

‘మీది నిలబడిందండీ. ఏమీ రాదు’ అన్నాడు నొచ్చుకుంటూ.

అవ్వ మంచం మీద నుంచే అడిగింది: ‘నిలబడ్డందుకు మేమేమన్నా కట్టాల్నా నాయనా?’

కుర్రాడు ఫోనులో వేలితో పైకీ కిందికీ వెతికాడు.

‘ఇంటిపన్ను రెండేళ్లది బాకీ ఉండాదవ్వా.’