సీసాల పచ్చగడ్డి

మొన్న ఆదివారం పొద్దుగాల మా వాడకట్టు పోరడొకడు బండి ఆపి, జేబులకెళ్లి సీసా తీసి నా ముందర ఊపిండు. "తాతా, ఇది గొర్రెకు ఎన్ని ఎమ్మెల్ ఎయ్యాలె?"

కండ్లద్దాలు పెట్టుకొని చూస్తే ఏ, డీ3, ఇ విటమిన్లు కలిపిన సూదిమందు. వానికి ముప్పై గొర్లు. ఈయేడు తొమ్మిది కట్టనే లేదట, నాలుగు ఈసుకపోయినయట. "గొర్లు ఏం మేస్తున్నయిరా?" అన్న. "ఏమున్నది తాతా, ప్లాట్లల్ల తిరుగుతున్నయి" అన్నడు.

మా రోజుల్ల పచ్చగడ్డి గుట్ట మీద దొరికేది. ఇప్పుడు సీసాల దొరుకుతున్నది, దానికి సూది వేరే కొనాలె.

నేను ముప్పై ఆరేండ్లు పశువుల దవాఖానల కాంపౌండరు పని చేసిన. అంతకుముందు మా నాయిన ఎనుక గొర్లు కాసిన. కాబట్టి అటు సూదినీ, ఇటు కట్టెనీ, రెంటినీ తిట్టే హక్కు నాకున్నదనుకుంట.

మాది ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు మంచాల దిక్కు ఊరు. 1550 నుంచి 1580 దాక ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన చెరువది. వానకాలం గుట్టలు, పంట కోసినంక జొన్న కొయ్యకాళ్లు, ఎండకాలం చెరువు గుంజుకపోతే శిఖంల లేచిన గరిక, తుంగ. గొర్రెకు పన్నెండు నెలల పంచాంగం అదే. ఆ గరిక గూడ ఒడిసినంక మా నాయిన పొడుగు కట్టెకు కొడవలి కట్టుకొని చెట్ల మీద పడేటోడు. మర్రి, రావి, మేడి, దిరిసెన ఏది దొరికితే దాని కొమ్మ. నల్లతుమ్మ కాయలు రాలగొడుతుంటే ఆ చప్పుడుకే మందంత ఉరికొచ్చేది. నేలమీది గడ్డి ఎండి పొట్టయినప్పుడు పచ్చగ మిగిలేది చెట్టాకు ఒక్కటే.

ఆ పచ్చదనంల కెరోటిన్ ఉంటదని నేను కొలువుల చేరినంక చదువుకున్న. గొర్రె పేగులు దాన్ని విటమిన్ ఏ చేస్తయి. ఈ పని గొర్రె ఎంత బాగ చేస్తదంటే, ఆవు కొవ్వు పసుపుపచ్చగ ఉంటది, గొర్రె కొవ్వు తెల్లగుంటది. రంగు మిగలనియ్యది మరి! వాడుకోంగ మిగిలిన విటమిన్‌ను కాలేయంల దాచుకుంటది. వానకాలం కడుపునిండ మేసిన గొర్రె ఆ దాపు మీద నెలల తరబడి నడిచిపోతది. ఆ దాపు ఒడిసిందనుకో, లోపలి పొరలు మొద్దుబారుతయి. కంటి పొర అయినా అంతే, గర్భసంచి పొర అయినా అంతే. చూలు నిలువది. నిలిచినా ఈసుకపోతది, లేకుంటే లేవలేని పిల్ల పుడతది, మాయ పడది. పొట్టేలు బీజం గూడ పలుచబడతది. మందల కాపు తగ్గితే అందరు గొర్రెనే తిడతరు, పొట్టేలును ఒక్కడు అడగడు.

మా నాయినకు ఇవేమీ తెల్వదు. అయితే పొద్దుగూకే యాళ మంద తిరిగొస్తుంటే దొడ్డి దర్వాజ కాడ నిలబడి చూసేటోడు. ఏ గొర్రె రాయికి తట్టుకున్నదో, ఏది ముందరిదాని తోకకు ముక్కు ఆనించి నడుస్తున్నదో. "దీనికి రేచీకటి పట్టింది, రేపు చెట్టాకు ఎక్కువెయ్యి" అనేటోడు. నెత్తురు తీసుడు లేదు, ల్యాబు లేదు. ఇప్పటి పోరలకు పొద్దుగూకే యాళ కండ్లు ఫోన్ల ఉంటయి. ముందుగాల వీండ్లకే రేచీకటి.

ఇగ విటమిన్ ఇ కథ. 1922ల అమెరికాల ఇవాన్స్, బిషప్ అని ఇద్దరు ఎలుకలకు శుద్ధి చేసిన తిండి పెట్టి పెంచిన్రు. ఎలుకలు బాగనే ఉన్నయి, చూలు గూడ కట్టినయి, కాని పిల్లలు లోపట్నే కరిగిపోయినయి. ఆకుకూర పెడితే నిలిచినయి. అట్ల దొరికిందే ఈ విటమిన్. దానికి పెట్టిన టోకోఫెరాల్ అన్న పేరుల గ్రీకు భాషల కాన్పు అన్న మాటున్నది. మా నాయినకు గ్రీకు దేవుళ్లు ఎరుకలేరు, బీరప్ప ఒక్కడే ఎరుక. గొర్రెల కాడికొస్తే ఇ తక్కువైన దెబ్బ పిల్ల కండ మీద ఎక్కువ కనబడతది. కాళ్లు బిర్రబిగిసి నిలబడలేదు. విటమిన్ ఇ గూడ పచ్చి మేతల నిండుగుంటది, ఎండిన గడ్డిల పోతది. బీ విటమిన్లంటరా, గొర్రె కడుపుల సూక్ష్మజీవులే వండి పెడతయి. డీ ఎండల దొరుకుతది, మన దగ్గర ఎండకు కరువా?

పొట్టేలు కలిసే కాలం గూడ పచ్చిక చెప్పినట్టే నడిచేది. తొలకరి పడి పదిహేను ఇరవై రోజులు లేతగడ్డి మేస్తే గొర్రె ఒళ్లు చేస్తది, ఎదకొస్తది. అయిదు నెలలకు, అంటే కార్తీకం అటూఇటూ, ఈనుతది. అప్పటికింకా మేత ఉంటది, పాలుంటయి. కట్టేముందు గొర్రెకు మంచి మేత పెట్టుడును ఇంగ్లీషు పుస్తకాల ఫ్లషింగ్ అని రాసిన్రు. మాకు వానదేవుడే చేసి పెట్టేటోడు. ఇప్పుడు ఏడాది పొడుగున పొట్టేలు మందల్నే ఉంటది, గొర్రె ఎప్పుడంటే అప్పుడు కడతది, వైశాఖంల ఈని ఎండు రొమ్ముతోని నిలబడతది.

మా కాలమంత బంగారమని అంటలేను. మాయ పడేదాక పిల్లకు ముర్రుపాలు తాపొద్దని మా నానమ్మ ఒకటే పట్టు. కడుపుల ఉన్నప్పుడు ఏ, ఇ విటమిన్లు మాయ దాటి పిల్లకు చేరేది బహు కొంచెం. పుట్టినంక ఆ ముర్రుపాలతోనే అందాలె. అది నేలపాలు చేసి, పిల్ల చస్తే దిష్టి అనేటోళ్లం. నానమ్మ నోటికి ఎదురు చెప్పేటోడు పుట్టలేదు, పుట్టిన గొర్రెపిల్లలేమో బతకలేదు.

అయితే మేత ఉండె. ఇప్పుడది లేదు. బొంగ్లూరు గేటు కాడ ఔటర్ రింగురోడ్డు వచ్చె, ఆదిబట్లల హెలికాప్టర్ల భాగాలు చేసే కంపెనీ వచ్చె. మంచిదే, మా మనవరాలికి గూడ ఆ దిక్కే కొలువు. గొర్లకేం వచ్చింది? కంచలు వెంచర్లయినయి, హద్దురాళ్ల నడుమ వయ్యారిభామ మొలిచింది. దూరంకెళ్లి చూస్తే పచ్చగనే ఉంటది, గొర్రె మూతి పెట్టది.

2017 జూన్‌ల సర్కారు గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇంటికి ఇరవై గొర్లు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. పక్క రాష్ట్రాలకెళ్లి లారీల తెచ్చిన్రు. 2019 పశుగణనల తెలంగాణకు 1.91 కోట్ల గొర్లు తేలినయి, దేశంలనే మొదటి స్థానం. చప్పట్లు నేను గూడ కొట్టిన. కాని గొర్లను లెక్కపెట్టినోళ్లు వాటి నోటికందే చెట్లను గూడ లెక్కపెట్టి ఉంటే బాగుండు.

పోరనికి ఇదంత చెప్తే సగం విన్నడు. "సూది మంచిదే బిడ్డా, నేనే వేలల్ల వేసిన. కాని డాక్టరుసాబు చెప్పినంతనే. విటమిన్ ఏ నీళ్ల లెక్క మూత్రంల పోయేది కాదు, ఒంట్లనే పేరుకుంటది. ఎక్కువైతే కడుపుల పిల్లకే చేటు" అన్న. ఇంకోటి గట్టిగ చెప్పిన: ఈసుకపోయినయన్నీ విటమిన్ తక్కువై పోవు. బ్రూసెల్లా అని ఒక రోగమున్నది, అది మనుషులకు గూడ అంటుకుంటది. పడిపోయిన పిల్లను, మాయను ఉత్త చేతులతోని ముట్టొద్దు, గొర్లకు నెత్తురు పరీక్ష చేయించాలె. అప్పుడు గాని వాడు బండి మీదికెళ్లి దిగలేదు.

ఆ మాపటీలి నేనే పోయి వాని దొడ్డి దర్వాజ కాడ నిలబడ్డ. మసక చీకట్ల అయిదు గొర్లు రాయికి తట్టుకున్నయి. "ఇదిగో, ఇవి రాసిపెట్టుకొని డాక్టరుకు చెప్పు. రేపటికెళ్లి రెండు కొమ్మలు కొట్టుకొచ్చి వెయ్యి" అన్న.

"ఏ చెట్టుది తాతా?"

చుట్టూ చూసిన. కనుచూపు మేర ఒక్క రావిచెట్టు ఉన్నది, అది వెంచరు గోడ లోపట. గేటు కాడ వాచ్‌మన్ మా ఊరోడే. పొద్దుగాల నేనే వచ్చి మాట్లాడుతనని చెప్పిన.