బెల్లానికి మినహాయింపు!

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా ‘నాకు షుగరొచ్చింది’ అని ఒక్కసారి అని చూడండి. డాక్టరు చీటీ రాసేలోపే పదిమంది వైద్యం మొదలెడతారు. ఒకరు కాకర రసం తాగమంటారు, ఇంకొకరు నేరేడు గింజల పొడి, మూడో ఆయనకి చోడంబలే సర్వరోగ నివారిణి.

రోగి మాత్రం తక్కువ తిన్నాడా? టీలో పంచదార మానేశాడు. మాడుగుల హల్వా ‘ఒక్క ముక్కే’. అరిసెలంటారా, ‘అవి బెల్లంవి కదా బాబూ!’ పరీక్షకి రెండు రోజుల ముందు మాత్రం కఠోర పథ్యం. పాపం, హెచ్‌బీఏ1సీ పరీక్షకి ఆ రెండు రోజుల భక్తి పట్టదు. గత రెండు మూడు నెలల బాగోతమంతా బయటపెడుతుంది.

నవంబర్ 14 ప్రపంచ మధుమేహ దినం. మనకి బాలల దినోత్సవమూ అదే రోజు. పొద్దున్న షుగరు మీద ర్యాలీ, ఆనక పిల్లలకి చాక్లెట్లు! దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహమని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది మరి.

అయ్యా, మాత్ర మానకండి, రోజూ నడవండి. బెల్లమూ చక్కెరే, మీ నాలుక ఒప్పుకోకపోయినా రక్తం ఒప్పేసుకుంటుంది.