పలికే బల్లి

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని మీ సామెత. పడిన మాట నిజమే. కుడితి మీద ఈగలు ముసురుతాయి. వాటి కోసం వెళితే తొట్టి అంచు తడిసి ఉంటుంది. తడి మీద మా కాళ్లు పట్టవు. పడ్డవాణ్ని చూసి నవ్వారు సరే, అసలు శకునం చెబుతామని మేమెప్పుడన్నాం?

మాది పావగడ తాలూకా, తిరుమణి దగ్గర ఒక పల్లె. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక. పటంలో చూస్తే మాత్రం చుట్టూ దాదాపు ఆంధ్రప్రదేశే. మా ఇంట్లో బడిపాఠాలు కన్నడంలో, తిట్లు తెలుగులో. నా వంతుకు వచ్చినవన్నీ తెలుగువే.

నేను పుట్టింది స్విచ్చుబోర్డు వెనక. మా అమ్మ అక్కడ రెండు తెల్లటి గట్టి గుడ్లు పెట్టి తన దారిన తాను పోయింది. మాలో పొదగడాలు, పాలివ్వడాలు, ముద్దుచేయడాలు లేవు. గోడ వెచ్చదనమే మంత్రసాని. పెంకు చీల్చుకుని బయటికొచ్చిన రోజునుంచే ఎవరి పురుగు వాళ్లు పట్టుకోవాలి. నేను మొదట పట్టింది ఒక దోమను. అది నా తలలో సగం ఉంది.

మేము మీ ఇళ్లలో ఉంటామని మీరనుకుంటారు. నిజానికి మేముండేది మీ దీపాల పక్కన. ఈ మిద్దెలో వెనకటికి గోడగూట్లో కిరసనాయిలు బుడ్డి ఉండేదట. దానికి నాలుగు పురుగులొస్తే గొప్ప. తర్వాత ఎర్రటి బల్బు, ఆ తర్వాత ట్యూబులైటు వచ్చాయి. మా వంశం వైభోగమంతా ఆ ట్యూబులైటు కాలంలోనే. తొలకరి వాన పడిన సాయంత్రం నేలలోంచి ఉసిళ్లు లేచి దానిమీదికి ఎగబడేవి. చెనిక్కాయ చేలను తినేసే ఎర్ర గొంగళిపురుగు తెలుసుగా, దాని రెక్కల పురుగులు కూడా ఆ వానలకే బయటికొస్తాయి. వాటిని చంపడానికి రైతులు రాత్రిళ్లు చేలగట్ల మీద మంటలు వేసేవాళ్లు. మంట దాకా పోనివి మా గోడ మీదికొచ్చేవి. ఒక్క వానకు పది రోజుల తిండి.

2015లో కేంద్రం ఉజాలా పథకం పెట్టి ఎల్‌ఈడీ బల్బులు చవకగా పంచింది. మీకు కరెంటు మిగిలింది, మాకు కడుపు మాడింది. పురుగులను బాగా పిలిచేది మీ కళ్లకు కనబడని అతినీలలోహిత కాంతి. ట్యూబులైటులో అది కొంచెం ఉంటుంది, ఎల్‌ఈడీలో దాదాపు ఉండదు. వెలుతురు నిండుగానే ఉంటుంది గానీ విందు పలచన.

ఇంకోవైపు చెనిక్కాయ చేలే పోయాయి. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ అయిదూళ్ల పొలాల్లో 13,000 ఎకరాలు సోలార్ పార్కు కిందికి వెళ్లాయి. 2018 మార్చిలో మొదలై, 2019 చివరికల్లా 2,050 మెగావాట్లకు చేరింది. భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకున్నారు. వానకు మొక్కుకుని, విత్తనాలకు అప్పు చేసి, చివరికి కట్టె మాత్రం ఇంటికి తెచ్చుకున్న ఏళ్లు చూసిన మా ఇంటి తాత, కౌలు డబ్బు చేతికొచ్చిన నాడు అరుగుమీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. సంతోషమో దిగులో గోడమీద నుంచి నాకు అర్థం కాలేదు. సొంత చేను లేనివాళ్లకు, కూలికి పోయేవాళ్లకు ఆ కౌలు రాదన్నది మాత్రం అరుగుమీది మాటల్లో రోజూ వింటూనే ఉన్నాను.

మమ్మల్ని మళ్లీ నిలబెట్టింది గృహజ్యోతి. 2023లో కర్ణాటక ప్రభుత్వం ఇళ్లకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమన్నాక, అంతదాకా ఎనిమిదికే లైటు ఆర్పేసే మా అవ్వ ఇప్పుడు వసారాలో దాన్ని తెల్లారేదాకా వదిలేస్తోంది. పలచటి విందైనా రాత్రంతా పెడితే కడుపు నిండుతుంది. ఏ పార్టీకీ ఓటు లేనివాణ్ని కాబట్టి మొహమాటం లేకుండా మెచ్చుకుంటున్నాను.

ఇక పడటం సంగతి. బల్లి మీద పడితే మీరు పంచాంగం తీస్తారు. బల్లిపాటు పట్టికలో మగవాళ్లకొక ఫలం, ఆడవాళ్లకొక ఫలం, తలకొకటి, భుజానికొకటి. నేను అవ్వ భుజం మీద పడిన రోజు ఆమె తలస్నానం చేసి, దీపం పెట్టి, పావగడ శనిమహాత్మ గుడికి శనివారం వస్తానని మొక్కుకుంది. అదీ చాలక, కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి వచ్చిన పక్కింటి ఆమెను పిలిపించి ఆమె చేయి ముట్టుకుంది. అంత తతంగం జరిగింది ఎందుకంటే, ఒక ఉసిలి దగ్గర నాకూ ఇంకో మగబల్లికీ తగవు వచ్చింది. వాడు నా తోక పట్టాడు. తోక వాడికి వదిలి నేను కిందికొచ్చాను. తెగిన తోక నేలమీద గిలగిలా కొట్టుకుంటుంటే వాడు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నాకు కొత్త తోక మొలిచింది. లోపల వెనకటి వెన్నుపూసలు లేవు, మెత్తటి ఎముకే, రంగు కూడా కలవదు. పనికి మాత్రం లోటు లేదు.

మామూలుగా మేము పడం. మా వేళ్ల అడుగున మడతలు మడతలుగా మెత్తలుంటాయి. వాటి నిండా కంటికానని వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసా మళ్లీ వందల పాయలు. జిగురంటూ ఏమీ లేదు. ఆ పాయలు గోడకు అంటీఅంటనంత దగ్గరికి చేరినప్పుడు అణువుకీ అణువుకీ మధ్య పుట్టే కాస్తంత లాగుడే మమ్మల్ని మోస్తుంది. 2000లో అమెరికాలో కెల్లర్ ఆటమ్, ఆయన తోటివాళ్లు మా దూరపు చుట్టం టోకే బల్లి కాలినుంచి ఒక్క వెంట్రుక తీసి దాని పట్టెంతో కొలిచారు. ఇది మా ఇంట్లో సైన్సు చెప్పే పెద్ద మనవరాలు ఫోనులో పిల్లలకు పాఠం చెబుతుంటే విన్నాను. ఆమె పాఠం చెబుతున్నంతసేపూ నేను ఆమె తలపైనే ఉన్నాను. చూసి ఉంటే పాఠం ఆగిపోయేది.

ఆమే ఇంకో మాట చెప్పింది. మాకు విషం లేదు, కోరల్లో లేదు, చర్మంలోనూ లేదు. అయితే మా పేగుల్లో, రెట్టలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. కాబట్టి మేము పడిన సాంబారు పారబోయడం మంచిదే. మూత పెట్టుకుంటే ఇంకా మంచిది, మీకూ మాకూ.

ఇల్లు దాటితే మా చుట్టాలు వేరే రకం. పావగడ కోట బండల మీద ఎండలో తల ఎగరేస్తూ ఉండే తొండను చూశారా? ఆడదాని ముందు మగదాని వీపు ఎర్రబడి పక్కలు నల్లబడతాయి. పోటీవాడు ఎదురైతే వీపు పసుపు తిరుగుతుంది. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు లెక్కచూస్తే, నగరంలో ఉండే తొండల రంగు పల్లె తొండలకంటే వెలిసిపోయి ఉందట. అక్కడికి వలసపోయి వచ్చిన మా ఊరి కుర్రాళ్ల మొహాలు చూసినవాళ్లకు ఇది పెద్ద వింత కాదు.

మాలో పెద్దమనిషి ఉడుము. ఎలుకలు, గుడ్లు, పేడపురుగులు తింటూ గట్లవెంట తిరుగుతుంది. మనుషుల కన్ను దాని మీదే. మాంసం నడుంనొప్పికి మంచిదని కొందరు, తోలు కంజీరకు కావాలని కొందరు. కచేరీలో కంజీర మోగితే మీరు తల ఊపుతారు, ఆ తోలు ఎవరిదని మాత్రం అడగరు. 1972 వన్యప్రాణి చట్టంలో ఉడుము పులితోపాటు మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా చంపినా మూడేళ్లనుంచి ఏడేళ్ల జైలు. మా ఊరి చెరువుగట్టు మీద ఒకసారి కర్రలు పట్టుకుని వెంటపడ్డవాళ్లకు ఆ మాట చెప్పింది బడికి పోయే ఒక పిల్ల. వాళ్లు నమ్మారో లేదో గానీ ఉడుము ఆలోపే బండసందులో దూరి ఒళ్లు ఉబ్బించుకుంది. ఇక దాన్ని ఎవరు లాగగలరు?

మొన్న ఆదివారం రాత్రి బెంగళూరులో ఉద్యోగం చేసే చిన్న మనవడు వీడియో కాల్ చేశాడు. నేను సరిగ్గా ఫోను పైనున్న దూలం మీద ఉన్నాను. తెర మీద గాజుపెట్టె, అందులో ఇసుకరంగు పలక, దానిమీద ఒక బల్లి. పసుపు ఒంటిమీద నల్ల మచ్చలు, ముల్లంగి అంత తోక. కొవ్వంతా అందులోనే దాచుకుంటుందట. చిరుతబల్లి అంటారట. దాని కాళ్లకు మెత్తలు లేవు, గోళ్లే. గాజు ఎక్కలేదు కాబట్టే పెట్టెలో కుదురుగా ఉంది. పైగా దానికి కంటిరెప్పలున్నాయి! మాకు లేవు. దుమ్ము పడితే నాలుకతో కన్ను తుడుచుకుంటాం. అది కన్ను మూసి తెరిచింది, నాకు ఒళ్లు జలదరించింది.

బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు కూడా బతుకుతుందవ్వా, అన్నాడు వాడు. వెచ్చదనానికి పెట్టె అడుగున చాప, తిండికి డబ్బాలో పురుగులు. అవ్వ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది.

"ఏమప్పా, ఇది పలుకుతాదా?"

"పలకదవ్వా. భయపడితే కీచుమంటాది, అంతే."

"దుడ్లిచ్చి కొన్యావా?"

"ఊ. కొన్ని వేలయింది."

అప్పుడే నా తోక పట్టిన ఆ మగబల్లి మళ్లీ నా లైటు వైపు రావడం చూసి నేను గట్టిగా పలికాను. అవ్వ అలవాటుగా వేళ్లతో నేల తట్టి, "కృష్ణ కృష్ణ" అనుకుని, ఫోనులోకి వంగింది.

"ఇంట్లో పలికే బల్లి ఊరికే ఉండగా, పలకని దానికి అన్ని వేలు పోస్తివా?"