అయిదు శాతం పూచీ

కాంట్రాక్టరును మన సర్కార్లు ఎంత బాగా చూసుకుంటాయో కె.సి. కెనాలే చెబుతుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ వస్తుందని సర్కారు ముందే పూచీ పడింది. కాలువ నష్టాల్లో మునిగితే 1882లో తానే కొనుక్కుంది. తట్ట మోసినవాడి కూలికి అలాంటి పూచీ రావడానికి 1970 దాకా పట్టింది.

వచ్చింది మాత్రం ఘనంగానే వచ్చింది. కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని ఇచ్చిన శాఖే చెల్లించి, ఆ డబ్బు అతని బిల్లులో కోసుకోవాల్సి ఉండేది. కూలి పంచేచోట శాఖ మనిషి దగ్గరుండాలన్న నియమమూ ఉండేది. సబ్ కాంట్రాక్టరు కూడా ఆ చట్టానికి కాంట్రాక్టరే. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కార్మిక కోడ్ కూలి పూచీని ఉంచి, 20 మంది కూలీలుంటే వర్తించేదాన్ని 50 చేసింది. ఇక 49 దాటకుండా ముఠాలు కట్టే లెక్కల మాస్టార్లకు సీమలో కొదవా?

టెండరు దగ్గర పోటీ అంతా లెస్సు మీదే, అంటే అంచనా కన్నా ఎంత తక్కువకు పాడారన్నదాని మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు, 2024లో తీసేశారు, లెస్సు ఉండిపోయింది. నూరు రూపాయల పని ఎనభై అయిదుకు పాడారనుకోండి. పాడినాయన కమీషన్ పట్టుకుని సబ్ కాంట్రాక్టరుకు ఇస్తాడు, ఆయన తన వాటా గీసుకుని మేస్త్రీకి. సిమెంటు బస్తా లెస్సుకు రాదు, డీజిల్ రాదు, పనికి అడ్డం పడకుండా ఉండే లోకల్ నాయకుడి మనుషులు అసలే రారు. లెస్సుకు దొరికేది కోసిగి నుంచి వచ్చిన కూలీ ఒక్కడే.

సబ్ కాంట్రాక్టరు బాధ వేరు. అనుమతి లేకుండా పని ఇంకొకరికి ఇవ్వరాదని ఒప్పందంలో ఉంటుంది కనుక ఆయన కాగితం మీద పుట్టనే లేదు. ప్రొక్లెయిన్ కంతులు మాత్రం నిజంగానే కట్టాలి. అసలు కాంట్రాక్టరు బిల్లు కోసం హైకోర్టుకు పోగలడు. శాఖతో ఒప్పందమే లేని ఈయన ఎవరి గడప తొక్కాలి? ఫైనాన్స్ వాడే ఈయన గడప తొక్కుతాడు.

పాత చట్టం నడిచిన రోజుల్లో, హంద్రీ-నీవా కాలువ గట్టు మీద ఓ శనివారం సాయంత్రం ఊహించుకోండి.

“లెక్క ఎప్పుడిస్తావ్ మేస్త్రీ? గుంటూరు మిరపకోతలకు సుగ్గి పోవాల.”

“సబ్ కాంట్రాక్టరు ఇస్తే గదప్పా. ఆయప్పకు సారు ఇయ్యల్యా, సారుకు బిల్లు రాల్యా.”

“అట్లయితే గవర్మెంటే ఇయ్యాలంట గదా. కూలి పంచేటప్పుడు వాళ్ల మనిషి ఈడుండాలంట?”

“ఉండాల.”

“మరి యాడ?”

“ఆయప్పది గూడా అవుట్‌సోర్సింగేనంట. నాలుగు నెల్ల జీతం రాలేదని విజయవాడ ధర్నాకు పోయినాడు.”